నీళ్ళు తగ్గేకొద్దీ బాగుపడిన మిషన్

నన్ను చింతామణి బజారులో రేడియో శెట్టి అంటారు. నేను దాటిపోయాక కోతల శెట్టి అంటారు. రెండూ ఒప్పుకుంటాను. మా ఇంట్లో అందరూ బెల్లం, చింతపండు తూచి బతికితే నేను వాల్వులు, కండెన్సర్లు పట్టుకుని బతికాను. నాకింకా యాభై నిండలేదు. సోల్డరు పొగకు నా కళ్ళు నాకంటే ముందు రిటైరయ్యాయి. వాటి వెనకాలే నేనూ ఇలాఖె నుంచి, అంటే కన్నడ సర్కారువారి చేపల శాఖ నుంచి, బయటికొచ్చి కూచున్నాను.

ఈ మధ్య ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళు కొందరు, ఉద్యోగాల్లో చేరబోతూ, "మీ అనుభవాలు చెప్పండి" అని వచ్చారు. నోటితో చెబితే కోతలు కలిసిపోతాయి, నా చేతిలో ఉండదు. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు వేళ్ళు నొప్పి పెడతాయి గనక అబద్ధాలు తక్కువ పడతాయి.

నేను చేసిన పని ఇది. సముద్రం ఎటు చూసినా కనుచూపు మేరలో లేని చిక్కబళ్ళాపురంలో, ఒక రేకుల షెడ్డులో కూచొని, చిన్న పడవకు చేపల్ని వెతికే మిషన్ బిగించడం, దాన్ని ఏటేటా బాగుచేయడం. ఈ మాట ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు. "శెట్టి మళ్ళీ మొదలుపెట్టినాడు" అంటారు. నా బతుకులో కోత కానిది అదొక్కటే.

సముద్రం మనిషి

మా షెడ్డుకు పై అధికారి కామత్ సాహేబ్రు. సముద్రం ఒడ్డున పుట్టి, అక్కడే చేపల ఇలాఖెలో పనిచేసి, ఎవరికి కోపం తెప్పించారో ఏమో, మా వైపుకు బదిలీ అయ్యారు. రైల్లో పొరపాటున ఇంకో ఊరి స్టేషన్లో దిగిపోయిన మనిషి ముఖం చూశారా? ఆయన ముఖం ఎప్పుడూ అట్లాగే ఉండేది. మా ఎండకు ఒక్కనాడూ అలవాటు పడలేదు. నంది కొండ మీద మబ్బు కనపడితే కచేరి పనంతా వదిలేసి బయటికొచ్చి చూసేవారు. ఆ మబ్బు కొండకు దండం పెట్టుకుని వెళ్ళిపోయేది.

ఆయన చెడ్డ అధికారి కారు. కింది మనిషి మీద అరవలేదు, ఇతరుల పనిని తన పేరు మీద రాసుకోలేదు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, ఇంటి మీద బెంగ. చెరువును చూసి ఆయన చెరువు అనుకోలేదు, కొంచెం చిన్నబోయిన సముద్రం అనుకున్నారు. ఒకనాడు లారీలో ఒక చెక్క పడవను, దాంతోపాటు ఒక ఇనుప పెట్టెను దించారు. పడవ కొత్తది. పెట్టె మాత్రం ఏదో పెద్ద పడవలో సముద్రమంతా తిరిగి, పనికిరాదని పీకేసినది. ఉప్పు పట్టి లోపల సగం తీగెలు పచ్చగా మారిపోయాయి.

"శెట్టీ, దీన్ని బతికించు," అన్నారు సాహేబ్రు. ఆయన మాట్లాడేది కన్నడంలోనే, నేను తెలుగులో రాస్తున్నాను. "బాగేపల్లి అవతలి పెద్ద చెరువులో దింపుదాం. చేప ఎక్కడుందో తెలియక మన బెస్తవాళ్ళు గుడ్డివాళ్ళ మాదిరి వలేస్తున్నారు."

ఆ మిషన్ చేసేది చాలా చిన్న పని. పాడుబావిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వస్తుందో విని, లోతు ఇంత అంటాం కదా, అంతే. పడవ అడుగున ఒక బిళ్ళ ఉంటుంది. అది నీళ్ళలోకి ఒక అరుపు అరుస్తుంది. అడుగు తగిలి ఆ అరుపు తిరిగొస్తే, పెట్టెలో తిరిగే సూది కాగితం మీద కాల్చినట్టు ఒక మచ్చ పెడుతుంది. పడవ కదిలేకొద్దీ మచ్చలు గీతవుతాయి. ఆ గీత చెరువు అడుగు. నడుమ చేప అడ్డం వస్తే అక్కడొక చిన్న మచ్చ.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది. తాను అరుస్తున్నంతసేపూ మిషన్‌కు ఏమీ వినపడదు. ఆ సేపంతా కాగితం పై అంచున నల్లటి పట్టీ పడుతుంది. ఆ పట్టీ కింద ఏముందో దానికీ తెలియదు, మనకీ తెలియదు. మా మిషన్‌కు ఆ నల్లపట్టీ బారన్నర. రెండు చేతులూ చాపితే వచ్చే పొడుగు ఒక బార. సముద్రంలో పై బారన్నర కనపడకపోతే ఎవరికీ నష్టం లేదు, కింద బోలెడు నీళ్ళుంటాయి. మా చెరువులో ఆ బారన్నరే చెరువు.

ఇది నేను సాహేబ్రుకు చెప్పాను. "బాగుచేసుకుంటూ పోదాం," అన్నారు. ఆ మాట మీదనే మా బతుకు నడిచింది.

గంగులప్ప తాత చెప్పిన మడుగు

చెరువు ఒడ్డున పదో పదిహేనో బెస్త ఇండ్లు ఉండేవి. వాళ్ళకు పెద్ద గంగులప్ప. నల్లగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. ఆయనకు లేని మాటలన్నీ ఆయన భార్య చౌడమ్మ దగ్గర ఉండేవి.

లారీ మీదనుంచి పడవ దిగుతుంటే చౌడమ్మ నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"ఏమప్పా శెట్టీ, ఈ పెట్టె చేపల్ని పిలుస్తాదా?"

"పిలవదమ్మా. యాడుండాయో చెప్తాది."

"చెప్పేవాళ్ళకి ఈ ఊళ్ళో కరువొచ్చిందా? మా ఆయప్ప దినామూ చెప్తాండాడు, ఆడుండాయి, ఈడుండాయి అని. పట్టేదానికి ఒక పెట్టె తెచ్చింటే బాగుండు."

"బాగేపల్లి హోటల్లో ఆ పెట్టె ఆన్ చేస్తే సాంబార్లోంచి చేప లేచి నిలబడిందమ్మా," అన్నాను. "బెంగళూరు స్టేషను పెట్టమని అడిగింది."

చౌడమ్మ నవ్వలేదు. "కన్నడంలో అడిగిందా, తెలుగులోనా?" అంది. ఆమెతో నాకు అప్పుడే స్నేహం కుదిరింది.

ఇక్కడ ఆ చెరువు కట్టుబాటు ఒకటి చెప్పాలి. చెరువు నిండి మొరవ, అంటే అలుగు, మీద నీళ్ళు పొర్లితే, ఆ ఏడు గంగమ్మకు పూజ చేసి మొదటి వల ఆమె పేరున దింపుతారు. ఆ తర్వాతే పెద్దవల వాళ్ళకు. మొరవ పారని ఏడు పెద్దవల ఇంటి చూరులోంచి దిగదు. గాలం, చేతివల, అంతే. ఇలాఖె వాళ్ళు కాట్లా చేపపిల్లల్ని చెరువులో వదిలి అప్పటికే ఒక ఏడు దాటింది. ఆ ఏడు మొరవ పారలేదు. అందుకని అందరి ముందూ ఒకటే ప్రశ్న. చెరువు నిండేదాకా ఆ చేపలు బతుకుతాయా? లోతు ఉంటే బతుకుతాయి, పెరుగుతాయి, ఆ ఇండ్లన్నీ నిలబడతాయి. లోతు లేకపోతే కట్టుబాటు పక్కనబెట్టి ఇప్పుడే పెద్దవల వేసి, ఉన్నకాడికి పట్టుకోవాలి. ఎండకు చెరువు కాగిపోతే చేపా ఉండదు, ఊరూ ఉండదు.

"మడుగుండాది," అన్నాడు గంగులప్ప. "మా తాత చెప్పినాడు. కట్టకి మన్ను తీసిన చోటంట. నడిచెరువులో. యాడ ఉండాదో మాకు సరిగ్గా తెల్దు గాని, ఉండాది. ఎంత కరువొచ్చినా ఆ మడుగులో చేప చావదంట."

మొదటిసారి పడవ ఎక్కాం. లారీ బ్యాటరీ ఒకటి నా కాళ్ళ మధ్య. దాన్ని బాగేపల్లి టూరింగు టాకీసు ఇంజను దగ్గర ఛార్జి చేయించి తెచ్చేవాళ్ళం. గంగులప్ప బొంగు వేసి తోస్తున్నాడు. సాహేబ్రు ముందు భాగాన, పెద్ద ఓడ నడిపేవాడి మాదిరి నిలబడ్డారు. మిషన్ ఆన్ చేశాను. కాగితం మీద నల్లపట్టీ పడింది, దాని కింద ఏమీ లేదు. కట్ట దగ్గర్నుంచి చాలాదూరం ఏమీ లేదు. అడుగంతా పట్టీ లోపలే దాక్కుంది.

నడిచెరువుకు వచ్చాక పట్టీ కిందనుంచి ఒక సన్నటి గీత బయటపడింది. వంగుతూ, వంగుతూ కిందికి దిగింది. మూడు బారలు. నేను రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. గంగులప్ప బొంగు పొడిచాడు, బొంగు అట్లాగే దిగిపోయింది, చేతికి అడుగు తగల్లేదు.

"మడుగు!" అన్నాడు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "మా తాత అబద్ధమాడలేదప్పా!"

సాహేబ్రు కాగితాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు. ఆ రోజు నేను ఒక్క కోతా కోయలేదు. అవసరం రాలేదు. పెద్దవల చూరులోనే ఉండిపోయింది. ఇలాఖె ఇంకో లారీ చేపపిల్లల్ని తెచ్చి వదిలింది.

అరుపు పోయి చిటికె వచ్చింది

మడుగైతే కనపడింది, అందులో చేప మాత్రం కనపడలేదు. ఎన్నిసార్లు తిరిగినా మూడు బారల గీత, దాని మీద తెల్లకాగితం. చేప లేదని ఎవరూ అనుకోలేదు. మిషన్ పాతది, చేపను చూసేంత చూపు దానికి లేదు అనుకున్నాం. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కావలసింది కనపడితే మిషన్ మంచిది అంటాం, కనపడకపోతే పాతది అంటాం. రెండో మాట అన్నంత సులువుగా మొదటిదాన్ని అనుమానించం.

ఆ ఏడూ వానలు రాలేదు. మబ్బులొచ్చేవి, చింతామణి మీదుగా పోయేవి, ఎవరో పిలిచినట్టు పోయేవి. చెరువు ఒడ్డు లోపలికి జరిగింది. ఒడ్డున తేలిన బురద మీద పిల్లలు దోసకాయ విత్తనాలు నాటారు.

నేను షెడ్డులో కూచుని మిషన్‌ను విప్పాను. సముద్రపు బిళ్ళ తీసేసి, సాహేబ్రు తన ఊరివాళ్ళను బతిమాలి తెప్పించిన పింగాణీ బిళ్ళ వేశాను. కరెంటునిచ్చే పాత వైబ్రేటరు గీపెట్టి ఏడ్చేది, దాన్ని మార్చాను. పాతబిళ్ళ అరుపు పొడుగు, కొత్తబిళ్ళది చిటికె వేసినంత. అరుపు తగ్గితే నల్లపట్టీ తగ్గుతుంది. బారన్నర పట్టీ అరబారకు వచ్చింది. నా జన్మలో చేసిన పనుల్లో అంత శుభ్రంగా చేసింది ఇంకోటి లేదు. సముద్రం మీద పనిచేసే మెకానిక్కులు ఇంకా లోతుకు, ఇంకా లోతుకు చూసేట్టు మిషన్లను బాగుచేస్తారు. నేను ఇంకా తక్కువ నీళ్ళను చూసేట్టు బాగుచేశాను. అప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు.

మళ్ళీ పడవ ఎక్కాం. పట్టీ పైకి జరిగింది. దాని కిందనుంచి, ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్నచోట, ఒక కొత్తది బయటపడింది. బార లోతున, దూదిపరుపు మాదిరి మెత్తటి, మందపాటి, బూడిదరంగు పొర. దాని కింద దూరంగా పాత గీత, మూడు బారలకు కొంచెం తక్కువలో, అట్లాగే ఉంది.

 సాహేబ్రే మొదట అన్నారు, చాలా మెల్లగా, అవి వింటాయేమో అన్నట్టు.

"చేపలు."

"అన్ని చేపలా?" అన్నాడు గంగులప్ప.

"సముద్రంలో ఇట్లాగే కనపడతాయి. గుంపు. ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి."

ఆ మాట నేనూ నమ్మాను. నమ్మకుండా ఎట్లా ఉంటాను? మడుగు నిండా, గట్టునుంచి గట్టుదాకా, పరుపు పరిచినట్టు చేప. నేను జీవితంలో ఎన్నో చెప్పాను గాని ఆ కాగితం చెప్పినంత పెద్దమాట ఎప్పుడూ చెప్పలేదు. గంగులప్ప నీళ్ళలో చేయి ముంచి, ఆ చేత్తో కళ్ళకు అద్దుకున్నాడు.

ఊళ్ళోకి వచ్చి చెప్తే చౌడమ్మ ఒకటే అడిగింది.

"అన్ని చేపలుంటే ఒక్కటన్నా ఎగరదేమప్పా?"

"ఎండకి కిందికి పోయినాయి," అన్నాడు గంగులప్ప.

"మన మాదిరి వాటికీ నీడ కావాల్నా? అయితే ఈపొద్దే వలెయ్. నీడలో ఉన్నవాళ్ళని పట్టేది సులభం."

"మొరవ పారనీ."

"మొరవ ముఖం చూసి ఎన్నేండ్లయిందో గుర్తుండాదా నీకు?"

 వల చూరులోనే ఉంది.

కదలని చేపలు

నాకు అనుమానం మొదలైంది కాగితాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు. ఎండాకాలం మొదట్లో ఒకటి, నడుమ ఒకటి. నీళ్ళు తగ్గినంత మేరకు అన్నీ పైకి జరిగాయి. ఆ దూదిపరుపూ పాత గీతతోపాటే జరిగింది, దాని మీద అంతే ఎత్తున, అదే మందం, అదే అంచులు. ఎడంపక్క కొనకు ఒక చిన్న మూపురం ఉండేది, రెండు కాగితాల్లోనూ అదే మూపురం. చేప నిద్రపోతే పోనీ గాని, మూపురం మూపురంగా నెలల తరబడి నిద్రపోదు.

సాహేబ్రుకు చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ఆ గుంపును గురించి ఆయన అప్పటికే పై కచేరికి వరది, అంటే రిపోర్టు, పంపేశారు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. వచ్చే ఏడు ఇట్లాంటి పడవలు ఇంకొన్ని చెరువులకు అనే మాట కూడా నడుస్తోంది.

"మన మంచినీళ్ళ చేపల స్వభావం నాకు అంతగా తెలియదు," అన్నారు. "కదలవేమో."

అంతటి మనిషి ఆ మాట అంటే నాకు జాలేసింది. అధికారికి తెలియక తప్పు చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. తెలిసీ తెలియనట్టు ఉండాలని ఆయన పడే పాటు చూస్తే తిట్టను కూడా లేం.

గంగులప్ప దగ్గరికి పోయాను.

"అప్పా, అది చేప కాదేమో అనిపిస్తాండాది నాకు."

ఆయన వల అంచు కుడుతున్నాడు. తలెత్తి నా ముఖం చూసి నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు.

"శెట్టీ, నువ్వు చెప్పేవాటిల్లో ఏది నమ్మాల్నో నాకు తెలుసులేప్పా. మొన్న చేప బెంగళూరు స్టేషను పెట్టమనిందంటివి. ఈపొద్దు చేపే లేదంటాండావు."

 ఆ ఊరి దారి పొడుగునా చేపల కథలు చల్లుకుంటూ వచ్చినవాణ్ణి నేనే.

కట్ట మీద కూచుని ఆలోచిస్తుంటే చౌడమ్మ వచ్చింది. "నిజంగానే చేప కాదా?" అంది.

"తెల్దమ్మా. పరీక్ష చేయాల. ఇనప పలక ఏదైనా తాడుకు కట్టి, బిళ్ళ కిందికి దింపితే కాగితంలో గట్టి మచ్చ పడతాది. అది చేపల గుంపైతే పలక వాటి మధ్య నుంచి కిందికి పోతాది. కాకపోతే ఆగిపోతాది."

ఆమె లోపలికి పోయి దోసె పెనం తెచ్చి ఇచ్చింది. "ఇది చాలునా? పోగొట్టినావంటే నీ మిషన్ మీదనే దోసె పోస్తా," అంది.

పెనం

పరీక్షకు ముందు అరుపును ఇంకా కుదించి నల్లపట్టీని గీతంత సన్నం చేశాను, సూది తిరిగే వేగం పెంచాను, ఒక్క బార నీళ్ళు కాగితం నిండా పరుచుకునేట్టు. అప్పటికి మిషన్ ఎంత బాగుందంటే, మోకాలి లోతు నీళ్ళిచ్చినా లోతు చెప్పగలదు. చెరువు కూడా దాదాపు అక్కడికే వచ్చింది. పడవ ఒడ్డునుంచి కదలాలంటే ఇద్దరం దిగి నెట్టాల్సి వచ్చింది.

నడిచెరువులో గంగులప్ప పడవను నిలబెట్టాడు. సాహేబ్రు, నేను, ఆయన. నేను పెనం దింపాను. కాగితంలో నల్లగా, గుండ్రాయి మాదిరి మచ్చ పడింది. తాడు వదిలేకొద్దీ మచ్చ కిందికి దిగింది. దూదిపరుపు దాకా వచ్చింది. దాన్ని తాకింది.

తాడు వదులైంది.

ఇంకా వదిలాను. తాడు నీళ్ళ మీద చుట్టలు చుట్టలుగా తేలింది. మచ్చ దూదిపరుపు మీదనే కూచుంది. లాగాను. రాలేదు. గంగులప్ప వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరం లాగితే పడవ పక్కకు వాలింది గాని పెనం కదల్లేదు. తాడు వెంట చిన్న చిన్న బుడగలు పైకి వచ్చాయి. బురద వాసన వేసింది.

ఇక ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మడుగు ఉంది. గంగులప్ప తాత అబద్ధమాడలేదు. మూడు బారల కింద కనపడే గీత ఆయన తాత కాలపు అడుగే. దాని మీద ఇన్నేళ్ళు చెరువులోకి కొట్టుకొచ్చిన ఒండ్రు నిండిపోయింది. మెత్తటి బురద గనక బొంగు ఆగకుండా దిగిపోయింది. మెత్తటి బురద గనక మిషన్ అరుపు దాంట్లోంచి పోయి పాత అడుగును తాకి వచ్చింది. బురద పైభాగం మొదట్లో నల్లపట్టీలో దాక్కుంది, నేను పట్టీ తగ్గించినప్పుడు చేపల వేషం వేసుకుని బయటికి వచ్చింది. బొంగూ మోసం చేసింది, మిషనూ మోసం చేసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు.

"మడుగైతే ఉండాది కదప్పా," అన్నాడు గంగులప్ప. ఆయన మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఏదో ఒకటి మిగిలిందని చెప్పుకోవాలి కదా.

ఇంటికొస్తే చౌడమ్మ నా చేతులు చూసింది.

"పెనం?"

"చేపలు పట్టుకున్నాయమ్మా, వదల్లేదు."

ఆ కోత నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. ఆమె నా ముఖం చూసింది, ఆ తర్వాత మొగుడి ముఖం చూసింది. పెనం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

"ఇప్పుడన్నా దింపు," అంది మొగుడితో, చూరు వైపు చూపించి. "గంగమ్మకి నేను చెప్పుకుంటా. తప్పు నా నెత్తిన వేసుకుంటా. ఉండేటివి ఎన్ని ఉంటే అన్ని. చిన్నవైతే చిన్నవే."

"ఒక్క వాన చూద్దాం."

"ఎవరింటి వాన?"

"కొండ మీద మబ్బు పట్టిండాది చౌడీ. ఒక్క వాన. మా నాయన ఎప్పుడూ దింపలేదు, మా తాత దింపలేదు. నా చేతి మీదుగా దింపమంటావా?"

సాహేబ్రు అక్కడే ఉన్నారు. ఆయన చెప్పి ఉంటే గంగులప్ప వినేవాడు, సర్కారు చెప్పింది అని ఒక సాకు దొరికేది. ఆయన కొండ వైపు చూసి, "మబ్బు బాగానే ఉంది," అన్నారు. ఆ మబ్బు కూడా అందరి మబ్బుల మాదిరే పోయింది.

తర్వాత ఒక పొద్దున చేపలన్నీ పైకి వచ్చాయి. నీళ్ళు వేడెక్కి, ఊపిరి అందక, నోళ్ళు తెరుచుకుని. నేను ఆ చెరువులో చేపల్ని మొదటిసారి కళ్ళారా చూసింది అప్పుడే, మిషన్ లేకుండా. గంగులప్ప అప్పుడు వల దింపాడు. పూజ లేదు, టెంకాయ లేదు. వలలోకి వచ్చినవాటిల్లో సగం చచ్చినవి, మిగతావి బండిలోకి ఎత్తేలోపు చచ్చాయి. బాగేపల్లి సంతకు పోయేసరికి వాసన. ఎవరూ కొనలేదు. చివరికి దిబ్బూరహళ్ళి వైపు రైతులు మలబరి తోటలకు ఎరువని తోలుకుపోయారు. ఆ ఏడు శిడ్లఘట్టలో అమ్మిన పట్టుగూళ్ళ పురుగులు ఏ ఆకు తిని పెరిగాయో నాకు తెలుసు. పట్టుచీర చూస్తే నాకు ఇప్పటికీ ఆ వాసన వస్తుంది. ఇది కోత అనుకుంటే అనుకోండి.

ఆఖరి కాగితం

మిషన్‌ను బాగుచేయడం మన చేతిలో పని. అది చూపించేదాన్ని బాగుచేయడం మన చేతిలో లేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోడానికి నాకు ఒక ఊరు పట్టింది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్ళకు ఏదో ధైర్యం చెప్పాలని మొదలుపెట్టాను గాని, నా దగ్గర ఉంది ఇదే. మిషన్ చూపు మసకగా ఉన్నప్పుడు ఆ మసకలో మనుషులు తమకు కావలసింది పెట్టుకుని బతికారు. నేను పోయి పొర తర్వాత పొర తుడిచాను. ప్రతి పొర కిందా బురదే ఉంది. చెయ్యకుండా ఉండాల్సిందా అంటే, లేదు, చెయ్యాల్సిందే. చేసినందుకు ఎవరికీ మేలు జరగలేదు, అంతే.

వేసవి చివర్లో మిషన్ విప్పుకుపోవడానికి సాహేబ్రు, నేను మళ్ళీ పోయాం. ఆయనకు సముద్రం వైపు బదిలీ వచ్చింది, అయినా సంతోషంగా లేరు. చెరువు నేలంతా పెంకు మాదిరి పగిలి ఉంది. పడవ నడిచెరువులో, నేల మీద, కొంచెం ఒక పక్కకు ఒరిగి కూచుంది. సాహేబ్రు పోయి దాని ముందు కొయ్య మీద చేయి పెట్టి నిలబడ్డారు, తన ఊరివాడు ఎవరో పరాయిచోట కనపడినట్టు.

ఊళ్ళో ఇండ్లకు తాళాలు కూడా వేయలేదు. ఎత్తుకుపోయేదానికి ఏముంది? చాలామంది బెంగళూరులో రాళ్ళు మోసే పనికి పోయారు. గంగులప్ప వాళ్ళ బండి కట్ట మీద సిద్ధంగా ఉంది. పెద్దవల అందులో మూటగట్టి ఉంది, కింద గిన్నెలు, మీద కోళ్ళగంప.

చౌడమ్మ మా దగ్గరికి వచ్చింది. పడవ పక్కన నెర్రెల్లోంచి ఒక తాడు కొన బయటికి పొడుచుకుని ఉంది. అది పెనం కట్టిన తాడు. ఆమె వంగి రెండు చేతులా పట్టుకుని లాగింది. నేల ఇటుక మాదిరి గట్టిపడిపోయింది. తాడు తెగి చేతికి వచ్చింది. ఆ ముక్కను చూసి, "గట్టిగానే పట్టుకున్నాయప్పా నీ చేపలు," అని, దాన్ని కొంగుకు ముడేసుకుని బండి వైపు వెళ్ళిపోయింది.

గంగులప్ప పోలేదు. పడవ ఎక్కి, ఎప్పుడూ నిలబడే చోటనే, బొంగు లేకుండా నిలబడ్డాడు.

"ఒకసారి పెట్టప్పా," అన్నాడు.

"ఏం పెట్టేది అప్పా? నీళ్ళు లేవు కదా."

"పెట్టు."

బ్యాటరీలో కొంచెం ఛార్జి మిగిలి ఉంది. ఆన్ చేశాను. చాలా బాగా పనిచేసింది. ఒక్క గరగర లేదు, ఒక్క వంకర లేదు. కాగితం కదిలింది, పై అంచున సన్నటి నల్లగీత పడింది. దాని కింద తెలుపు. ఇంకా తెలుపు.

"ఏమంటాండాది?" అన్నాడు.

నేను కాగితం చూస్తూ కూచున్నాను.

"చెప్పు శెట్టీ." ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. "ఏదో ఒకటి చెప్పు. నువ్వు బాగా చెప్తావు కదప్పా. ఈపొద్దు నమ్ముతా."

నేను నోరు తెరిచాను. చింతామణి నుంచి బాగేపల్లి దాకా ఏ బస్టాండులో అడిగినా, ఏ అరుగు మీద అడిగినా, అప్పటికప్పుడు ఒక కోత అల్లి చేతిలో పెట్టినవాణ్ణి. సూది తిరుగుతోంది, కాగితం పోతోంది, ఆయన ఎదురు చూస్తున్నాడు. బండి దగ్గర్నుంచి చౌడమ్మ పిలుస్తోంది. బ్యాటరీ అయిపోయి సూది తనంతట తాను ఆగేదాకా నేను అట్లాగే కూచున్నాను. నాకు ఒక్కటీ రాలేదు.